గుమ్మంలోంచి చూసిన గది

2006 చలికాలానికి మేం అమెరికాలోని అరోరా వచ్చి మూడేళ్ళు దాటింది. నాది డిపెండెంట్ వీసా. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అంతకుముందు రాజమండ్రిలో ఇంటర్మీడియెట్ పిల్లలకి బాటనీ చెప్పేదాన్ని. ఆకు అడ్డుకోత, వేరు అడ్డుకోత బోర్డు మీద రంగు సుద్దలతో గీసి చూపించడమంటే నాకు పాఠం చెప్పడంకన్నా ఇష్టంగా ఉండేది. ఆ చేతికి ఇక్కడ పని లేకుండా పోయింది.

చేతికి పని లేకపోయినా కళ్ళు ఊరుకునేవి కావు. మా కాంప్లెక్స్‌లో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అదే గోధుమరంగు కార్పెట్, అవే తెల్ల బ్లైండ్స్, అదే మూల క్లోసెట్. అయినా ఎవరింటికి వెళ్ళినా నాకు ముందు కనిపించేవి మనుషులు కాదు. కోట్లు తగిలించుకునే క్లోసెట్‌లో దేవుడి పటాలు పెట్టుకుని, బయటివాళ్ళు వస్తే తలుపు మూసేసే ఇల్లొకటి. పోపు వేసేముందు స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడిగే ఇల్లొకటి. ఇంకో ఇంట్లో ఫ్రిజ్ హ్యాండిల్ మీద ఎంత తుడిచినా పోని పసుపు బొటనవేలి ముద్ర. భోజనానికి పిలిచినవాళ్ళు ఏం వండారో మర్నాటికి మరిచిపోయేదాన్నిగానీ, వాళ్ళ వంటగదిలో ఏ డ్రాయర్ సరిగ్గా మూసుకోదో మాత్రం చెప్పగలిగేదాన్ని. “నువ్వు పోలీసు డిపార్ట్‌మెంట్‌లో ఉండాల్సినదానివి,” అని మావారు నవ్వేవారు.

ఆయనే నన్ను దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో డ్రాయింగ్ క్లాసుకి తీసుకెళ్ళి చేర్పించారు. శనివారం పొద్దుటి క్లాసు. టీచరు పొడవాటి మనిషి, తెల్లటి క్రాపు జుట్టు, ఎప్పుడూ స్వెటర్ చేతికి బొగ్గు మరకలు. ఆవిడ ఎక్కువ మాట్లాడేది కాదు. వెనక నిలబడి చూసేది. ఒకరోజు మా అందరికీ ఒక పని అప్పగించింది. “మీరు మళ్ళీ వెళ్ళలేని గది ఒకటి గీయండి. ఫొటోలు చూడకూడదు, ఇంట్లో ఎవరినీ అడగకూడదు.”

నేను ఏ గది గీయాలా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చిన్నప్పటినుంచి కళ్ళు మూసుకుంటే కనబడే గది ఒకటుంది. ఎర్ర గచ్చు. ఆ గచ్చులో ఒకచోట పగులు, పగులు నిండా సిమెంటు. ఇనప మంచం, దాని కాళ్ళకింద ఇటుకలు. మంచం కింద ఒక రేకు పెట్టె, పెట్టె తాళంకప్ప తుప్పుపట్టి ఉండేది. కిటికీకి నిలువు ఊచలు, ఒక ఊచ కొంచెం వంగి ఉండేది. మూలన ఇనప స్టాండు మీద తెల్ల ఎనామిల్ బేసిన్, అంచు చుట్టూ నీలం గీత, గీత ఒకచోట పెచ్చు లేచి నల్లగా ఉండేది. మంచానికి పక్కన మూడు మడతల తెర. గోడకి ఒక మేకు. ఆ మేకుకి తగిలించిన తెల్ల కాగితం పడవ.

అది మా అమ్మమ్మ గది అని నాకు మా అమ్మ చెప్పింది. స్కూల్లో చదివే రోజుల్లో ఒకసారి అడిగితే, “అమ్మమ్మ వాళ్ళ పాత ఇల్లయ్యుంటుంది. పక్షవాతం వచ్చి మంచాన పడింది కదా, అప్పుడు చూసి ఉంటావు. ఆ ఇల్లు పడగొట్టేశారు,” అంది. అమ్మమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాకు ఆమె మొహం గుర్తులేదు. గది గుర్తుండి మనిషి గుర్తు లేకపోవడం నాకెప్పుడూ వింతగా అనిపించలేదు. నేనలాంటిదాన్నే కదా అనుకునేదాన్ని.

మూడు శనివారాలు పట్టింది ఆ బొమ్మ. టీచరు వెనక చాలాసేపు నిలబడింది. “అప్పుడు నీకు ఎంత వయసు?” అని అడిగింది. తెలియదన్నాను. “మంచం అడుగుభాగం అంత వివరంగా వేశావు. మంచం మీద ఏముందో ఏమీ లేదు. చాలా చిన్నదానివై ఉంటావు,” అంది. నాకు అప్పటిదాకా అది తట్టనేలేదు. చూస్తే నిజమే. బేసిన్ లోపలిభాగం ఎక్కడా కనిపించదు, అడుగు మాత్రమే. కిటికీలోంచి ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ ఇంకో ప్రశ్న కూడా అడిగింది. “ఈ గదికి తలుపేదీ?”

నాలుగు గోడల్లో మూడు నాకు తెలుసు. తలుపు ఎక్కడుందో ఎంత వెతికినా గుర్తు రాలేదు.

ఆ బొమ్మను ఫ్రేము కట్టించి సోఫా పైన తగిలించాం.

మా కింది అపార్ట్‌మెంట్‌లో ఒకమ్మాయి ఉండేది. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది, మా గోదావరి వైపుదే. ఆదివారాలు భార్యాభర్తలిద్దరూ నేపర్‌విల్‌లో ఒక అమెరికన్ చర్చి హాలు అద్దెకి తీసుకుని నడిపే తెలుగు ఆరాధనకి వెళ్ళేవాళ్ళు. మాకు ఆ పద్ధతి లేకపోయినా క్రిస్మస్‌కి మమ్మల్ని పిలిచేది, దీపావళికి పైకొచ్చి నాతోపాటు కాకరపువ్వొత్తులు కాల్చేది. నన్ను అక్కా అనేది. ఆ ఏడు ఆమెకి నెలలు నిండుతుంటే వాళ్ళ అమ్మగారు ఇండియా నుంచి వచ్చారు. రిటైరైన నర్సు. భర్త పోయారు. అరవై దాటినా నిటారుగా నడిచే మనిషి. మంచు చూసి మొదట్లో బెదిరిపోయారు. చీర మీద కూతురి జాకెట్, కాళ్ళకి అల్లుడి సాక్సులు వేసుకుని కిటికీ దగ్గర నిలబడి ఉండేవారు. నేను ఆంటీ అని పిలిచేదాన్ని. ఒకట్రెండుసార్లు కింద వాళ్ళింట్లో పలకరించాను. మా ఇంటికి మాత్రం అప్పటిదాకా రాలేదు.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే ఆంటీ.

“కరివేపాకుందామ్మా? అమ్మాయి డాక్టర్ దగ్గరికెళ్ళింది. చారు పెడదామంటే కరివేపాకు లేదు. నీ దగ్గర చెట్టుందంట కదా.”

“లోపలికి రండి ఆంటీ,” అన్నాను. కిటికీ దగ్గర కుండీలో మొక్క ఉండేది. నేను రెబ్బలు తుంచుతూ, ఆవిడ సోఫాలో కూర్చున్నారనే అనుకుంటున్నాను. వెనక నుంచి గొంతు వినపడింది.

“ఈ బొమ్మ ఎవరేశారమ్మా?”

“నేనే ఆంటీ. మా అమ్మమ్మ గది.”

ఆవిడ జాకెట్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, సోఫాకి మోకాలు ఆనించి బొమ్మ దగ్గరికి వంగారు. నేను కరివేపాకు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ వేలు అద్దానికి తగలకుండా బేసిన్ దగ్గర ఆగింది, తరవాత వంగిన ఊచ దగ్గర, తరవాత పెట్టె దగ్గర.

“మీ అమ్మమ్మగారు నర్సా?”

“కాదాంటీ. ఎందుకు?”

“మరి ఈ క్యాప్ ఎవరిది?”

“క్యాప్ కాదండీ, కాగితం పడవ. ఆ మేకుకి తగిలించి ఉండేది.”

ఆవిడ నావైపు తిరిగి, “కాగితం పడవని మేకుకి ఎవరు తగిలిస్తారమ్మా?” అన్నారు.

ఎవరింట్లో ఏ డ్రాయర్ వంకరో చెప్పేదాన్ని, ముప్పై ఏళ్ళుగా ఆ పడవని చూస్తున్నదాన్ని, ఈ ప్రశ్న ఒక్కసారి కూడా అడుక్కోలేదు. మళ్ళీ బొమ్మవైపు చూశాను. అది పడవ కాదు. ఇక ఎంత ప్రయత్నించినా పడవలా కనిపించలేదు. గంజిపెట్టి మడతలు పెట్టిన నర్సు టోపీ.

“అది నా క్యాప్,” అన్నారు ఆవిడ. “ఇది నా గది. మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో చివరి గది. ఆ ఊచ ఆసుపత్రి ఆవు కొమ్ము తగిలి వంగింది. ఆ స్క్రీన్ వార్డులో పాడైపోతే తెచ్చుకున్నాను.” ఆవిడ బొమ్మ మీంచి చూపు తిప్పి నన్ను చూశారు. “మీ అమ్మగారి పేరేంటమ్మా?”

చెప్పాను.

ఆవిడ సోఫాలో కూర్చోలేదు. ఉన్నచోటే కార్పెట్ మీద కూలబడ్డారు.

“పాపా?” అన్నారు నావైపు చూసి.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు అర్థం కాదు. “టీ తాగుతారా ఆంటీ?” అని అడిగాను. అడిగి, ఆవిడ జవాబు కోసం చూడకుండా వంటగదిలోకి వెళ్ళి, గిన్నెలో నీళ్ళు పోసి, స్టవ్ వెలిగించకుండా దాని ముందు నిలబడిపోయాను. కరివేపాకు ఇంకా నా పిడికిట్లోనే ఉంది, నలిగి అరచేయంతా వాసన. ఎంతసేపు నిలబడ్డానో, ఆవిడే లేచి లోపలికి వచ్చి నా భుజం పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆసుపత్రిలో మనిషిని కూర్చోబెట్టినట్టే, ఒక చెయ్యి వీపు వెనక, ఒక చెయ్యి మోచేతి కింద.

తరవాత చెప్పారు. నేను పుట్టిన కొన్ని నెలలకే మా అమ్మకి టీబీ అని తేలింది. మొదట ఆ మిషన్ ఆసుపత్రిలోనే చేర్చారు. పసిపిల్లని తల్లి దగ్గర ఉంచకూడదని డాక్టరు చెప్పాడు. మా నాన్నకి ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అమ్మమ్మ మంచంలో ఉంది. నాన్నమ్మ నాకు కూడా ఆ జబ్బు అంటుకునే ఉంటుందని భయపడి, ఇంట్లో ఇంకా పిల్లలున్నారు, తీసుకోనంది. అమ్మని దూరంగా శానిటోరియానికి పంపించే రోజున నేను వార్డు నర్సుగా ఉన్న ఈవిడ చంకలో ఉన్నాను. అప్పటికి ఆవిడకి పెళ్ళి కాలేదు.

“నెలా రెండు నెలలేగా అనుకున్నానమ్మా. మీ అమ్మగారికి తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. అలా అలా నీకు నాలుగో ఏడొచ్చేసింది. మీ నాన్నగారు ఆదివారాలు పాలడబ్బా పట్టుకుని వచ్చేవారు. నువ్వు ఆయన ఒళ్ళో కూర్చునేదానివి కాదు. కొత్త కదా అని ఆయనే అనేవారు పాపం.”

మనసులో ఉన్నది ఒక్కటే వచ్చింది. “ఆ గదికి తలుపెక్కడ ఆంటీ?”

“నువ్వు కూర్చుందే గుమ్మంలో. ఇంక తలుపు నీకెలా కనపడుతుంది? బయట కుక్కలు తిరుగుతాయని నిన్ను లోపలివైపు తిప్పి గడప మీద కూర్చోబెట్టేదాన్ని. చేతికో బిస్కెట్ ఇచ్చి నేను లోపల పనిచేసుకునేదాన్ని.”

ఆవిడ మళ్ళీ బొమ్మవైపు చూశారు. చాలాసేపు చూశారు. ఎడమనుంచి కుడికి, పైనుంచి కిందికి, దేనికోసమో వెతుకుతున్నట్టు. ఆఖరికి చిన్న గొంతుతో అడిగారు.

“నీ ఎదురుగానే ఉండేదాన్ని కదమ్మా. ఇందులో నేనెక్కడున్నాను?”

నేను కళ్ళు మూసుకున్నాను. తాళంకప్ప మీది తుప్పు కనిపించింది. బేసిన్ అంచు నీలం గీత కనిపించింది. ఆవిడ కనిపించలేదు. పాదాలు గానీ, చీర అంచు గానీ, గొంతు గానీ ఏమీ లేవు. “తెలీదాంటీ,” అన్నాను. ఆవిడ తలూపారు. కరివేపాకు తీసుకోకుండానే కిందికి వెళ్ళిపోయారు.

సాయంత్రం మావారు వచ్చేసరికి నేను ఆ కుర్చీలోనే ఉన్నాను. ఏమైందంటే చెప్పాను. ఆయన నమ్మలేదు. “సేమ్ నేమ్ ఉన్న ఇంకెవరో అయ్యుంటారు. కోఇన్సిడెన్స్,” అన్నారు. తరవాత బొమ్మ ముందు నిలబడి ఆలోచించారు. “ముందు మీ అమ్మకి ఫోన్ చెయ్. అక్కడ తెల్లారి ఉంటుంది,” అని కాలింగ్ కార్డు తెచ్చి వెనక అంకెల మీది పూత గీకి, నంబర్లు ఆయనే నొక్కి నాకిచ్చారు.

అమ్మ ఎత్తింది. ఎలా ఉన్నావని అడుగుతుండగానే అడ్డుపడ్డాను.

“అమ్మా, చిన్నప్పుడు నన్నెవరు పెంచారు?”

అవతల ఏమీ వినిపించలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. అప్పుడు ఫోన్లోంచి అక్కడ మా ఇంటి ముందు పాలవాడి సైకిల్ బెల్లు వినిపించింది. అంటే లైనులోనే ఉంది.

“ఎవరు చెప్పారు?” అంది.

“ఆవిడే చెప్పింది. మా కింద ఇంట్లోనే ఉంది.”

“బతికే ఉందా?” అంది అమ్మ. ఆ గొంతు నాకు తెలిసిన అమ్మది కాదు. ఎవరో చిన్నపిల్ల మాట్లాడినట్టుంది.

తరవాత చాలాసేపు తనే మాట్లాడింది. నేను వింటూ ఉన్నాను. “జబ్బు తగ్గి, నిన్ను తెచ్చుకుందామని వచ్చాను. కొత్త చీర కట్టుకుని వచ్చానే, నువ్వు చూస్తావని. నువ్వు నన్ను చూసి ఆయమ్మ వెనక దాక్కున్నావు. అమ్మా అని పిలిచావు. నన్ను కాదు. ఇంటికి తెచ్చాక నా చేత్తో అన్నం పెడితే నోరు తెరిచేదానివి కాదు. గోడవైపు తిరిగి పడుకునేదానివి. మీ నాన్నమ్మ, ఇంట్లో ఆ మనిషి మాట ఎత్తొద్దు, పసిది, అదే మరిచిపోతుంది అంది. కిరస్తానీ ఇంట్లో తిన్న పిల్లని గుమ్మం బయటే పసుపునీళ్ళు పోసి మరీ లోపలికి రానిచ్చింది. నేను నోరెత్తలేదు. ఎత్తే ఓపికా లేదు, ధైర్యమూ లేదు.”

“ఆవిడ మళ్ళీ ఎప్పుడూ రాలేదా?”

“వచ్చింది. ఒకసారి. గౌను కుట్టించి తెచ్చింది నీకు. గేటు దగ్గరే నిలబెట్టి పంపేశాను. మీ నాన్నమ్మ కాదే, నేనే. నువ్వు లోపల నిద్రపోతున్నావు. ఎక్కడ లేస్తావో, లేచి ఆయమ్మతో వెళ్ళిపోతానంటావో అని నా భయం.”

“నాకెందుకు చెప్పలేదమ్మా? కనీసం పెళ్ళయ్యాకైనా?”

“టీబీ అని బయటపడితే నీకు సంబంధాలొచ్చేవా? పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు.”

కార్డులో నిమిషాలు అయిపోయి లైను తెగిపోయింది. నేను మళ్ళీ చేయలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. అది నాకే ఆశ్చర్యం. అన్నం వండాను, బట్టలు మడతపెట్టాను, శనివారం క్లాసుకి వెళ్ళాను. కానీ ఏది తలుచుకున్నా అనుమానమే. మా పెరట్లో నందివర్ధనం చెట్టు నిజంగా ఉండేదా? నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని గోదావరి గట్టు మీద నడిచిన రోజు నిజమేనా, ఎవరైనా చెబితే విని నాదనుకున్నానా? నాకు బాగా తెలుసు అనుకున్న ఒక్క గదే నాది కాకుండా పోతే మిగతావాటిని నమ్మేదెలా? అమ్మ ఫోన్ చేస్తే మావారు మాట్లాడేవారు. కిందికి కూడా వెళ్ళలేకపోయాను. ఆవిడ ఎదుట పడితే ఏమని పిలవాలి? ఆంటీ అనే మాట నోటికి రావడం మానేసింది. ఇంకో మాట రాలేదు.

చివరికి వాళ్ళమ్మాయే ఒకరోజు పైకి వచ్చింది. నిండు నెలల కడుపు, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నన్ను పలకరించడానికి వచ్చిందనుకున్నాను. మొహం చూస్తే కోపంగా ఉంది.

“మా అమ్మ రోజంతా ఆ విండో దగ్గరే నిలబడుతోంది అక్కా. నువ్వు కారు తీస్తే చూస్తోంది, వస్తే చూస్తోంది. నువ్వు కిందికి రావేం?”

“ఎలా రావాలో తెలియట్లేదు,” అన్నాను.

“నాకు మాత్రం తెలుసా? నాకూ షాకే కదా.” దాని కళ్ళు నిండుకొచ్చాయి. “చిన్నప్పుడు నేను అన్నం తిననని గొడవ చేస్తే మా అమ్మ, అదైతే ఇలా చేసేది కాదు అనేది. నడిచి వెళ్ళనని ఏడిస్తే, అది ఎంత దూరమైనా నడిచేది అనేది. ఎవరమ్మా అది అంటే నోరు మూసుకునేది. మా నాన్న కూడా చెప్పేవాడు కాదు. నాకు ముందు ఒక అక్క పుట్టి చచ్చిపోయిందేమో అనుకున్నాను. నిజంగా అక్కా. సెమెటరీకి వెళ్ళినప్పుడల్లా చిన్న సమాధులు వెతికేదాన్ని, ఏదో ఒకదాని మీద మా ఇంటిపేరు ఉంటుందేమోనని.”

నేను లేని ఇంట్లో ఒక పిల్ల నాతో పోల్చుకుని దెబ్బలాడుతూ పెరిగిందన్న మాట. నా కోసం సమాధులు వెతికిందన్న మాట. నేను అదే సమయంలో ఇంకో ఊళ్ళో, ఆ ఇంటి సంగతే తెలియకుండా, జడలేసుకుని స్కూలుకి వెళ్తున్నాను.

“పద,” అని దాని చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లు దింపాను. ఆవిడ కిటికీ దగ్గరే ఉన్నారు. నన్ను చూసి వంటగదిలోకి వెళ్ళి కంచంలో అన్నం పెట్టి, చారు పోసి తెచ్చి నా ముందు పెట్టారు. తిన్నాను. అడిగి మళ్ళీ పెట్టించుకున్నాను. ఎదురుగా కూర్చున్న వాళ్ళమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, “ఇదిగో, అక్కకి మాత్రం అడక్కుండా నెయ్యి వేస్తుంది,” అంది. ముగ్గురం నవ్వాం.

ఆ వసంతంలో మనవడు పుట్టాడు. మధ్యాహ్నాలు వాళ్ళమ్మాయి నిద్రపోతే ఆవిడ పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చునేవారు, నేను ఎదురుగా ప్యాడ్ పట్టుకుని గీసేదాన్ని. అంతకుముందు ఆ గది బొమ్మలో ఆవిణ్ణి వేయాలని చాలా ప్రయత్నించాను. స్టవ్ దగ్గర కూర్చున్నట్టు, మంచం మీద దుప్పటి దులుపుతున్నట్టు, టోపీ తీసి మేకుకి తగిలిస్తున్నట్టు. ఏదీ కుదరలేదు. నేను చూడని మనిషిని చూసినట్టు గీస్తుంటే గీత అబద్ధమాడుతోందని నాకే తెలిసిపోయేది. టీచరుకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి స్వెటర్‌తో తుడుచుకుంది. “ఆ బొమ్మ ముట్టుకోకు. ఇప్పుడు నీ ఎదురుగా ఉన్న మనిషిని వెయ్యి,” అంది. అందుకే రోజూ ఆవిడ మొహం గీశాను. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు, చెవి తమ్మెలు సాగి దిద్దులు కిందికి వాలడం, ఏదైనా ఆలోచించేటప్పుడు కింది పెదవి లోపలికి పోవడం. ఇంక మరిచిపోకూడదని భయంతో గీశాను.

ఆవిడ వెళ్ళిపోయే వారం ముందు అమ్మ ఫోన్ చేసింది. ఈసారి నేనే ఎత్తాను.

“ఆయమ్మని ఒకసారి పిలుస్తావా?” అంది.

నేను కార్డ్‌లెస్ ఫోన్ పట్టుకుని కిందికి వెళ్తే సగం మెట్లలోనే గరగర మొదలైంది. మళ్ళీ వెనక్కి వచ్చి, ఆవిణ్ణే పైకి తీసుకొచ్చి, స్పీకర్‌లో పెట్టాను. తిట్టుకుంటారా, ఏడుస్తారా, నాకేమీ అర్థం కాలేదు.

“సిస్టరమ్మగారూ,” అంది అమ్మ.

“చెప్పండమ్మా.”

క్షమించమంటుందేమో అనుకున్నాను. అమ్మ ఆ మాట అనలేదు.

“అది మొదట ఎప్పుడు నడిచింది?” అని అడిగింది.

పెళ్ళిలో మా అత్తగారికి, మావారికి, అడిగినవాళ్ళందరికీ నేను ఏడాది నిండకుండానే నడిచానని, దేవుడి గదిలో గడప పట్టుకుని లేచానని అమ్మ చెప్పేది. అదంతా కల్పించి చెప్పింది. తనకి తెలియదు. ముప్పై ఏళ్ళుగా తెలియకుండా ఉంది, అడగడానికి మనిషి లేక.

“ఏడాది దాటిందమ్మా,” అన్నారు ఆవిడ, సోఫాలో ముందుకి జరిగి. “ఈస్టర్ ముందు. నేను డ్యూటీ నుంచి వస్తుంటే వరండాలో ఆయా చెయ్యి విడిపించుకుని వచ్చింది. మూడడుగులేసి పడిపోయింది. ఏడవలేదు.”

“ఏడవలేదా?”

“లేదు. నవ్వింది.”

“మరి మాటలో?”

“మాటలు తొందరగానే వచ్చేశాయి. అన్నిటికీ ఇదేంటి, ఇదేంటి అనేది. ప్రాణం తీసేసేది.”

అమ్మ అడుగుతూనే ఉంది. పళ్ళు ఎప్పుడొచ్చాయి, తట్టు పోసిందా, ఏం పెడితే ఇష్టంగా తినేది, ఎవరిని చూసి భయపడేది. ఆవిడ ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెబుతున్నారు. నేను అక్కడే ఉన్నానన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. నా గురించే మాట్లాడుకుంటున్నారు, నాకు ఒక్కటీ తెలియదు. పక్కింట్లో ఎవరి పిల్ల గురించో వింటున్నట్టు కూర్చున్నాను.

ఆవిడ ఇండియా వెళ్ళాక అమ్మ, ఆవిడ ఫోన్లలో మాట్లాడుకునేవారు. ఒకసారి అమ్మ బస్సెక్కి వెళ్ళి ఆవిడ దగ్గర వారం ఉండి వచ్చింది. నేను ఏడాదికోసారి వెళ్ళినప్పుడు ఇద్దర్నీ చూసేదాన్ని. నేను ఆవిణ్ణి చివరిదాకా ఆంటీ అనే పిలిచాను. అలవాటైన మాట మార్చుకోవడం ఇద్దరికీ చేతకాలేదు.

2013లో ఆవిడ పోయారు. వాళ్ళమ్మాయి వెంటనే బయల్దేరింది. నా గ్రీన్‌కార్డు పేపర్లు నడుస్తుండటంతో నేను అప్పుడు దేశం దాటలేకపోయాను. రెండు వారాల తర్వాత ఆమె తిరిగొచ్చి, సూటుకేసులు ఇంకా హాల్లోనే ఉండగా పైకి వచ్చింది.

“పెద్దమ్మ వచ్చింది అక్కా,” అంది. మా అమ్మని అలాగే పిలిచేది. “నేను ల్యాండయ్యేటప్పటికే ఇంట్లో ఉంది. నన్ను పట్టుకుని ఏడ్చింది. చర్చిలో మా వరసలోనే కూర్చుంది. పాస్టర్‌గారు ఫ్యామిలీ మెంబర్స్ ముందుకి రండి అంటే, ఎవరూ పిలవకుండానే లేచి నాతోపాటు వచ్చి అమ్మ పెట్టె పక్కన నిలబడింది. మీరెవరండీ అని ఎవరో అడిగారు.”

“అమ్మేం చెప్పింది?”

“మా అమ్మాయి వీళ్ళ పిల్లే అండీ, అంది.”

నేను సింక్ దగ్గర గిన్నెలు తోముతున్నాను. నీళ్ళు అలాగే పోతున్నాయి. మా నాన్నమ్మ ముందు ఒక్క మాట అనలేకపోయిన మనిషి, ఊరందరి ఎదుట అంత మాట అంది. నేను చేతులు తుడుచుకోకుండానే అమ్మకి ఫోన్ చేశాను.